దాడి వీడియో మీ ఫోన్లో ఉంది: పోస్ట్ చేయాలా? చేస్తే ఎప్పుడు, ఎలా?

2022లో రష్యా దాడి మొదలైన కొత్తలో కీవ్ నగరంలో ఒకాయన రెట్రోవిల్ అనే షాపింగ్ మాల్ దగ్గర ఆగి ఉన్న సైనిక వాహనాలను ఫోన్లో తీసి టిక్‌టాక్‌లో పెట్టాడు. మార్చి 20 రాత్రి ఆ మాల్ మీద రష్యా దాడి చేసింది. కనీసం 8 మంది చనిపోయారు. ఉక్రెయిన్ భద్రతా సంస్థ అతన్ని పట్టుకుంది, అతను కెమెరా ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. దాడి ఆ ఒక్క వీడియో వల్లే జరిగిందా అంటే బయటివాళ్లం మనం చెప్పలేం. కానీ తీసినాయన గూఢచారి కాదు. మనలాగే ఫోనున్న మామూలు మనిషి.

అలాగని వీడియో తీయడమే తప్పనడం లేదు. దాడులను జనం తీసిన వీడియోలే తర్వాత కోర్టుల్లో సాక్ష్యాలయ్యాయి. 2017 ఆగస్టులో అంతర్జాతీయ నేర న్యాయస్థానం లిబియాకు చెందిన ఒక కమాండర్ మీద అరెస్టు వారెంటు ఇచ్చినప్పుడు ముఖ్యమైన ఆధారాలు సోషల్ మీడియాలో తిరిగిన వీడియోలే. కాబట్టి వీడియో ఉండాలి. అది ఎప్పుడు, ఎంత మేరకు, ఎవరికి చేరాలన్నదే చూసుకోవాలి.

1. ముందు ప్రాణం, తర్వాత ఫోను

సైరన్ మోగినప్పుడు కిటికీ దగ్గర నిలబడి తీయకండి. పేలుడు దూరంగా జరిగినా అద్దాలు పగిలి మీద పడతాయి. ఆకాశంలో క్షిపణిని కూల్చేస్తే చూడ్డానికి దీపావళిలా ఉంటుంది గానీ ఆ ముక్కలన్నీ కిందికే రావాలి. మొదటి దాడి జరిగిన చోటికి పరుగెత్తకండి. జనం, అంబులెన్సులు చేరాక అదే చోట రెండోసారి కొట్టడం సిరియాలోనూ ఉక్రెయిన్‌లోనూ చూశాం. డ్రోన్ ముక్క కనిపిస్తే చేత్తో ఎత్తి ఫోటో దిగొద్దు, అందులో పేలనిది మిగిలి ఉండొచ్చు.

2. లైవ్ వద్దు, ఎంత టెంప్టింగ్‌గా ఉన్నా సరే

రికార్డు చేస్తే తర్వాత ఆలోచించుకునే వీలుంటుంది, లైవ్‌లో ఆ వీలు లేదు. 2008 నవంబరు 26న ముంబై దాడి మొదలయ్యాక టీవీ చానళ్లు తాజ్ హోటల్ బయట నుంచి చూపించిన లైవ్‌ను పాకిస్తాన్‌లో కూర్చున్న సూత్రధారులు చూస్తూ, లోపలున్న ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగానే తప్పుపట్టింది. అప్పుడు ఆ పని చేయాలంటే ఓబీ వ్యాను, అంటే టీవీవాళ్లు లైవ్ పంపే బండి, ఉండాలి. ఇప్పుడు పదిహేను వేల రూపాయల ఫోను చాలు.

3. ఒరిజినల్ ఒకటి, పోస్ట్ చేసే కాపీ ఇంకొకటి

ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. సాక్ష్యంగా పనికి రావాలంటే వీడియోలో చోటు, టైము, దిక్కు అన్నీ ఉండాలి. జనంలోకి వదలాలంటే అవేవీ ఉండకూడదు. ఒకే ఫైలు ఈ రెండు పనులూ చేయలేదు.

ఒరిజినల్‌ను కత్తిరించొద్దు, ఎడిట్ చేయొద్దు, పేరు కూడా మార్చొద్దు. కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో అలాగే కాపీ చేసి, ఎక్కడ నిలబడి తీశారు, ఎన్నింటికి, ఏ వైపు తిరిగి అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, ఫైలులో దాగి ఉండే వివరాలు కూడా పోతాయి. అదే డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరాలన్నీ, లొకేషన్ సహా, అవతలివాళ్లకు చేరతాయి. ఇది చాలామందికి తెలియదు.

సోషల్ మీడియానే బీరువా అనుకోవడం కూడా పొరపాటే. 2017లో యూట్యూబ్ ఆటోమేటిక్ వడపోత సిరియా యుద్ధం వీడియోలను వేల సంఖ్యలో ఎత్తేసింది. అప్‌లోడ్ చేశాం కదా అని ఒరిజినల్ డిలీట్ చేసుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు.

4. ఆగండి

దాడి చేసినవాడికి తను వదిలింది ఎక్కడ పడిందో వెంటనే తెలియాలి. గురి తప్పితే సరిచేసుకుని మళ్లీ కొడతాడు. ఆ సమాచారం తెప్పించుకోవడానికి ఒకప్పుడు గూఢచారులను పెట్టుకోవాల్సి వచ్చేది. 1944లో జర్మనీ లండన్ మీద వి-1 ఎగిరే బాంబులు వదిలినప్పుడు, అవి ఎక్కడ పడుతున్నాయో చెప్పమని తన ఏజెంట్లను అడిగింది. ఆ ఏజెంట్లు అప్పటికే బ్రిటన్ చేతిలో ఉన్నారు. బాంబులు లండన్ నడిబొడ్డు దాటి పడుతున్నాయన్నట్టు తప్పుడు లెక్కలు పంపి, గురి వెనక్కి జరిగేలా చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 8న వి-2 రాకెట్లు మొదలైతే, బ్రిటన్ ప్రభుత్వం రెండు నెలలు నోరు మెదపలేదు. గ్యాస్ పైపులు పేలాయన్న మాట ప్రచారంలో పెట్టింది. అవి ఎగిరే గ్యాస్ పైపులని లండన్ జనం జోకులేసుకున్నారు. చివరికి నవంబరు 10న చర్చిల్ పార్లమెంటులో విషయం చెప్పాడు.

ప్రభుత్వం నిజం దాచడం మంచిదేనా అన్నది వేరే చర్చ. మన విషయానికొస్తే ఉక్రెయిన్ 2022లో విలేకరులకు పెట్టిన పద్ధతి కొలతగా పనికొస్తుంది: పౌరుల ప్రాంతంలో పడితే 3 గంటల తర్వాత, సైనిక స్థావరం మీద పడితే 12 గంటల తర్వాత చూపించొచ్చు. నన్నడిగితే మామూలు మనిషి రెండో దాని జోలికే వెళ్లకూడదు. మొదటిదానికైనా అధికారులు ఆ చోటు పేరు బయటికి చెప్పేదాకా ఆగడం మంచిది.

5. మీ వీడియోను అవతలివాడి కళ్లతో చూడండి

ఫోన్లో లొకేషన్ ఆఫ్ చేశాం, ఇంకేం కాదని చాలామంది ధీమా. ఆఫ్ చేయాల్సిందే, కానీ అది సరిపోదు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విశాఖలో దాడి జరిగింది, ఎంవీపీ కాలనీలో ఒక డాబా మీంచి ఎవరో ఇరవై సెకన్ల వీడియో తీశారు.

మొదట కనిపించేది మంట, పొగ. అవతలివాడు అది చూడడు, దాని ముందూ వెనకా ఏముందో చూస్తాడు. ముందు పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు. మ్యాప్‌లో ఆ ట్యాంకునూ కొండ అంచునూ కలుపుతూ గీత గీస్తే, మీ డాబా, పొగ రెండూ ఆ గీత మీదే ఉంటాయి. ఇక దూరం. నాలుగో సెకనులో వెలుగు కనిపించింది, పదో సెకనులో చప్పుడు వినిపించింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. ఆరు సెకన్లంటే రెండు కిలోమీటర్లు. గీతా దొరికింది, దూరమూ దొరికింది. నీడ ఎటు పడిందో చూస్తే టైము కూడా తెలుస్తుంది. ఇవన్నీ చాలవన్నట్టు వెనక నుంచి ఒక గొంతు: "ఒరేయ్, డాక్‌యార్డ్ వైపే పడిందిరా!"

ఇందులో శాటిలైట్లు, సూపర్ కంప్యూటర్లు ఏమీ లేవు. ఇంట్లో కూర్చుని ఉచిత మ్యాపులతో ఈ పని చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

కాబట్టి పోస్ట్ చేసే కాపీలో ముందు ఆడియో పూర్తిగా తీసేయండి. దుకాణాల బోర్డులు, బస్సు మీద ఊరి పేరు, బండి నంబర్లు, గుడి గోపురం, సెల్ టవర్, కొండ అంచు కనిపించే ముక్కలు కత్తిరించండి. సైనికులు, వాళ్ల వాహనాలు, కింది నుంచి పైకి లేచే క్షిపణి వెలుగు ఉంటే ఆ వీడియోను అసలు పెట్టొద్దు. పడిన చోటు కంటే ఎదురు కాల్చిన చోటు తెలియడం ఇంకా ప్రమాదం, మరోసారి దాడి చేస్తే ముందు కొట్టేది దాన్నే. ఇవన్నీ తీసేశాక చూపించడానికి ఏమీ మిగలకపోతే, ఆ వీడియో పోస్ట్ చేసేది కాదని అర్థం.

6. మనుషుల ముఖాలు

గాయపడినవాళ్లు, చనిపోయినవాళ్లు కనిపిస్తే పెట్టకండి. తన మనిషి పోయాడన్న సంగతి ఒక తల్లికి రీల్‌లో తెలియకూడదు. తప్పదనుకుంటే ముఖం మీద నల్ల డబ్బా పెట్టండి. పలుచని బ్లర్ పెడితే తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు, చొక్కా, గడియారం చూసి కూడా పోల్చుకుంటారు.

పట్టుబడిన సైనికుల వీడియోలు ఎవరివైనా షేర్ చేయొద్దు. యుద్ధ ఖైదీలను జనం వేడుకగా చూసేలా ప్రదర్శించకూడదని 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం చెబుతోంది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్‌కు పట్టుబడిన మన పైలట్ అభినందన్ కళ్లకు గంతలు కట్టి ఉన్న వీడియో వచ్చినప్పుడు భారత్ అభ్యంతరం చెప్పింది ఈ కారణం మీదే. మనవాడి విషయంలో కడుపు మండినవాళ్లం అవతలివాళ్ల సైనికుడి వీడియోను నవ్వుతూ ఫార్వర్డ్ చేస్తే ఎలా?

7. మీరు ఏ దేశంలో ఉన్నారో ఆ చట్టం చూసుకోండి

భారత్‌లో పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ, రక్షణ ఆపరేషన్లను లైవ్‌లో చూపించొద్దని మీడియాకు, సోషల్ మీడియా వాడేవాళ్లకు సూచన ఇచ్చింది. మే 9న రక్షణ శాఖ అదే మాట మళ్లీ చెప్పింది. పుకార్లకు భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది, రక్షణ స్థావరాల వివరాలు బయటపెడితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తించొచ్చు. ఉక్రెయిన్‌లో సైన్యం ఉన్న చోటు బయటపెట్టడం 2022 మార్చి నుంచి ప్రత్యేక నేరం, పరిస్థితిని బట్టి 12 ఏళ్ల దాకా జైలు. ఇజ్రాయెల్‌లో సైనిక సెన్సార్ ఉంది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు అవి పడిన చోట్లు చూపించడం మీద ఆంక్షలు పెట్టారు. తెలంగాణ నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో పని చేసుకుంటున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

గల్ఫ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమల నుంచి ఎన్ని వేల ఇళ్లవాళ్లు అక్కడున్నారో మనకు తెలుసు. 2022 జనవరి 17న అబుదాబిలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు చేసిన దాడిలో ఇంధన ట్యాంకర్లు పేలి ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, హూతీ క్షిపణులను రక్షణ దళాలు అడ్డుకుంటున్న వీడియోలు పెట్టినవాళ్లను యూఏఈ ప్రాసిక్యూషన్ పిలిపించింది. ఆ దేశపు సైబర్ నేరాల చట్టం ప్రకారం అత్యవసర పరిస్థితుల్లో పుకారు వ్యాపింపజేస్తే కనీసం రెండేళ్ల జైలు, 2 లక్షల దిర్హాముల జరిమానా. వీసా మీద బతికే మనిషికి ఆపై దేశం నుంచి పంపేస్తారన్న టెన్షన్ కూడా. క్యాంపు గదిలోంచి తీసిన వీడియో "ఫ్యామిలీ గ్రూపులోనే కదా పెట్టాను" అంటే కుదరదు. బావమరిది దాన్ని ఊరి గ్రూపులో వేస్తాడు, అక్కడి నుంచి అది లోకల్ యూట్యూబ్ చానల్‌కు చేరుతుంది, మీ గొంతుతో సహా.

ఇంటివాళ్లకు కావాల్సింది పొగ కాదు, మీ క్షేమం. "అమ్మా, నేను బాగున్నా, రూములోనే ఉన్నా, రాత్రికి ఫోన్ చేస్తా" అని పది సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇటువైపు ఉన్నవాళ్లు కూడా "అక్కడేం జరుగుతోంది, వీడియో పంపరా" అని అడగడం మానాలి.

8. క్యాప్షన్‌లో చూసింది మాత్రమే

"రాత్రి పెద్ద చప్పుడు విన్నాను, దూరంగా మంట కనిపించింది" అన్నంతవరకు అది మీ సాక్ష్యం. ఎవరు వేశారు, ఎంతమంది పోయారు అన్నది మీకు తెలియదు, రాయకండి. వీధి పేరు బదులు జిల్లా పేరు, కచ్చితమైన నిమిషం బదులు ఉదయమో రాత్రో చాలు. లొకేషన్ ట్యాగ్ వద్దు.

9. వేరేవాళ్ల వీడియో అయితే

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో గుజరాత్‌లోని హజీరా పోర్టు మీద దాడి అంటూ తిరిగింది 2021 జూలై నాటి ఆయిల్ ట్యాంకర్ పేలుడు. పాకిస్తాన్ క్షిపణి దాడి అన్నది 2020 నాటి బీరూట్ పేలుడు. జలంధర్‌లో డ్రోన్ దాడి అన్నది పొలంలో అంటుకున్న మంట. ఈ మూడింటినీ కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం తేల్చింది. ఇవి కాక ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు ఉక్రెయిన్ నుంచి గాజా దాకా ప్రతి యుద్ధంలోనూ నిజం వీడియోలుగా తిరుగుతూనే ఉన్నాయి.

వీడియో ఆపి, స్పష్టంగా ఉన్న ఒక ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. పాత వీడియో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. దొరకలేదంటే నిజమని కాదు. చీకట్లో, ఊగిపోతూ, మనిషన్నవాడు కనపడకుండా ఉన్న వీడియో అయితే ఇంకా అనుమానించండి, గేమ్ దృశ్యాలను ఎక్కువగా అలాగే చూపిస్తారు. ఎవరు తీశారో తెలియని వీడియో ఫార్వర్డ్ చేయకపోతే ఎవరికీ నష్టం లేదు.

10. ఇప్పటికే పెట్టేసి ఉంటే

వెంటనే తీసేయండి. వాట్సాప్‌లో పంపిన రెండు రోజుల పైచిలుకు దాకా అందరికీ డిలీట్ చేసే వీలుంది, ఆ తర్వాత మీ ఫోన్లో మాత్రమే పోతుంది. స్టేటస్, స్టోరీ, గూగుల్ ఫోటోస్‌లో షేర్ చేసిన ఆల్బమ్, ఇవి మర్చిపోతుంటాం, అవీ చూడండి. ఎవరికి పంపారో వాళ్లకు ఫోన్ చేసి తీసేయమని చెప్పండి, ముఖ్యంగా గ్రూపు అడ్మిన్లకు. పెట్టింది తప్పుడు వీడియో అని తర్వాత తెలిస్తే చడీచప్పుడు లేకుండా తీసేయకుండా, అదే గ్రూపులో "ఇందాక నేను పెట్టింది పాత వీడియో, ఎవరూ పంపొద్దు" అని ఒక లైను రాయండి. పోలీసులో అధికారులో అడిగే అవకాశం ఉంది కాబట్టి ఒరిజినల్ మాత్రం చెరిపేయొద్దు. విదేశంలో ఉండి ఎవరైనా విచారణకు పిలిస్తే, అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకముందే భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే ఫోన్లో సేవ్ చేసుకోండి, ఒక కాగితం మీద రాసి పర్సులో కూడా పెట్టుకోండి. ఫోన్ తీసేసుకుంటే అదే పనికొస్తుంది.