ఆట నత్తనడక నడుస్తోందా? రూటర్‌ని తిట్టేముందు ఇవి చూడండి

సమస్య: నలుగురు కలిసి ఆడితే అందరికీ ఆట మందగిస్తోంది

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో ఇదే గొడవ. నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒకే వైఫై, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే యుద్ధాల గేమ్. ఆటలో మూడో దశ క్యాజిల్ ఏజ్‌కి రాకముందే గుర్రాలు బురదలో దిగబడ్డట్టు కదులుతున్నాయి. పిల్లలంతా వైఫై మీద పడ్డారు. పాపం, తప్పు దానిది కాదు.

ఈ ఆటలో ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని సొంతంగా లెక్క వేసుకుంటుంది. నెట్‌లో వెళ్లేది ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారన్నదే. అందరి లెక్కా కలిసి సాగాలి కాబట్టి, ఒక్క కంప్యూటర్ వెనకబడినా మిగతావన్నీ దానికోసం ఆగుతాయి. ముందు ఆ ఒక్కటి ఏదో పట్టుకోండి. ఒక్కొక్కరూ విడిగా ఆడి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

మా దగ్గర దొరికింది అక్క కొడుకు ల్యాప్‌టాప్. ఆట మూసేసినా ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరవగానే చప్పుడు తగ్గింది. మూసిన రెండు నిమిషాలకి మళ్లీ హోరు. పోలీసు జీపు కనబడగానే ముక్కలు దాచేసే పేకాట బ్యాచ్‌లాగా!

కారణం: మనకి తెలియకుండా మన కరెంటుతో ఎవరికోసమో క్రిప్టో కాయిన్లు తవ్వే 'మైనర్' అనే దొంగ ప్రోగ్రామ్. టాస్క్ మేనేజర్ తెరిస్తే పని ఆపేసేలా రాసినవి చాలానే ఉన్నాయి. ఏం ఇన్‌స్టాల్ చేశావురా అంటే కాసేపు నేలచూపులు. "ఫ్రీగా వస్తోందని వేరే గేమ్ ఒకటి వేశా మామయ్యా. యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసుంది" అన్నాడు చివరికి.

ఏం చేయాలి: ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. తర్వాత ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట మెయిల్, ఆపైన బ్యాంకు, ఆపైన గేములు కొనే స్టీమ్. ఇలాంటి క్రాక్‌లతోపాటు (డబ్బు కట్టకుండా ఆడేలా తాళం తీసిన గేములు) బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే గుర్తులు) ఎత్తుకెళ్లేవీ వస్తుంటాయి. కుకీ పోతే పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే సరిపోదు, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ కొట్టాలి. పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే స్టీమ్ గార్డ్‌ని కూడా ఆన్ చేసేయండి.

ఇప్పుడు విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అట్టడుగున ఉండే ఎక్స్‌క్లూజన్స్ (స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా) చూడండి. మావాడి దాంట్లో సి డ్రైవ్ మొత్తం ఆ జాబితాలో ఉంది! అలా ఉంటే ఎన్ని స్కాన్లు చేసినా అంతా బాగుందనే అంటుంది. దాన్ని తీసేసి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. ఓ పావుగంట పడుతుంది.

ఇంత చేసినా నాకు నమ్మకం కుదరలేదు. అడ్మిన్ అనుమతితో లోపలికొచ్చినది ఇంకెక్కడ గూడు కట్టిందో ఎవరు చూశారు? ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ వేశాను. మీరూ వేస్తుంటే విండోస్ 11 వేయండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇప్పుడు వాడిది స్టాండర్డ్ అకౌంట్. అడ్మిన్ అనుమతి అడిగేది ఏదైనా వేయాలంటే వాళ్లమ్మ పాస్‌వర్డ్ కొట్టాలి. వాడి మొహం చూడాలి!

సమస్య: పాత గేమ్ సీడీ పెడితే ఏమీ తెరుచుకోవట్లేదు

సీడీ గీతలు పడిందని తుడుస్తూ కూర్చోకండి. 2000 ప్రాంతంలో వచ్చిన చాలా సీడీల్లో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. విండోస్ లోపల నడిచే దాని డ్రైవర్ ప్రోగ్రామ్ వల్ల కంప్యూటర్‌కే ప్రమాదమని విండోస్ 10 నుంచి దాన్ని పనిచేయనివ్వడం లేదు. జనం సీడీ లేకుండా ఆడించే 'నో సీడీ క్రాక్' వెతికేది ఇక్కడే, మైనర్లు చేరేది కూడా ఇక్కడే. ఆ గేమ్ కొత్త ఎడిషన్ ఉంటే సేల్‌లో కొనుక్కోండి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే 0 ఏ.డి., బ్యాటిల్ ఫర్ వెస్నోత్ నిజంగానే ఉచితం. వాటి సొంత సైట్ నుంచే దించుకోండి.

సమస్య: గేమ్ సేవ్ కావట్లేదు

విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ నుంచి కాపాడటానికి అది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో తెలియని ప్రోగ్రాములని రాయనివ్వదు. సివిలైజేషన్ 6 లాంటివి సేవ్‌లు పెట్టేది సరిగ్గా అక్కడే. దాన్ని ఆపేయక్కర్లేదు. అక్కడే ఈమధ్య అడ్డుకున్న యాప్‌ల జాబితా ఉంటుంది, అందులోంచి మీ గేమ్ ఒక్కదానికి అనుమతివ్వండి.

సమస్య: 0 ఏ.డి.లో ఒకరు హోస్ట్ చేస్తే (తమ కంప్యూటర్‌లో ఆట తెరిచి మిగతావాళ్లని పిలిస్తే) పక్క గదిలోవాళ్లు చేరలేకపోతున్నారు

హోస్ట్ చేసే కంప్యూటర్‌లో ఇంటి వైఫై 'పబ్లిక్' అని నమోదై ఉండొచ్చు. అలా ఉంటే మిగతా కంప్యూటర్లని విండోస్ దగ్గరికి రానివ్వదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్‌కి మార్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క గేమ్‌కి ప్రైవేట్ టిక్ పెట్టండి. ఎక్కడైనా పోర్టు నంబర్ అడిగితే, ఆ గేమ్ వాడేది యూడీపీ 20595. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. హాస్టల్ వైఫైలోనైతే 'పబ్లిక్' అలాగే ఉండనివ్వండి.