ఉప్పునీటి పూల్: ఉప్పు బస్తా విప్పే ముందు చూడాల్సినవి

ఉప్పునీటి పూల్‌కి క్లోరిన్‌తో పనిలేదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇదీ క్లోరిన్ పూలే. నీళ్లలోని ఉప్పు నుంచి సెల్‌ (పూల్ నీళ్లు పారే యంత్ర భాగం) లోని పలకలు కరెంటుతో క్లోరిన్ తయారుచేస్తాయి. అందుకే ఏ తేడా వచ్చినా ముందు టెస్ట్ కిట్ తీయండి.

"ఉప్పు తక్కువ" లైటు వెలిగింది

అందరూ తొందరపడేది ఇక్కడే. ఉప్పు ఆవిరైపోయేది కాదు. నీళ్లు చిందితేనో, బ్యాక్‌వాష్‌ (నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్ కడగడం) చేస్తేనో, వానకు పూల్ పొర్లితేనో, ఎక్కడైనా లీకైతేనో తగ్గుతుంది. అవేవీ జరక్కుండానే లైటు వెలిగిందంటే సెల్‌ను అనుమానించాలి. చాలా యంత్రాలు పలకల మధ్య పారే కరెంటును బట్టి ఉప్పును లెక్కగడతాయి. పలకలకు సున్నం పెచ్చు కట్టినా, నీళ్లు బాగా చల్లబడినా, సెల్ అరిగిపోయినా ఆ లెక్క తప్పుతుంది.

టెస్ట్ స్ట్రిప్‌తో విడిగా కొలవండి. సాధారణంగా 2700 నుంచి 3400 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెప్పే లెక్క) ఉండాలి. మీ యంత్రం మాన్యువల్లో ఏముందో చూసుకోండి. నిజంగానే తగ్గితే, 1000 లీటర్లకు 1 కిలో ఉప్పు వేస్తే 1000 పీపీఎం పెరుగుతుంది. అంటే 50,000 లీటర్ల పూల్‌ని 2500 నుంచి 3200కి తేవాలంటే 35 కిలోలు. అయోడిన్ కలపని శుద్ధమైన ఉప్పే వాడండి. కొంచెం తక్కువే వేసి, పంపు నడిపి, మర్నాడు మళ్లీ కొలవండి. ఎక్కువైతే మాత్రం కొంత నీరు తోడేసి మంచినీళ్లు నింపాల్సి వస్తుంది.

ఉప్పు సరిపడా ఉంటే కరెంటు, పంపు ఆపి సెల్ ఊడదీసి చూడండి. తెల్ల పెచ్చు కనిపిస్తే ముందు పైపు నీళ్ల ధారతో కడగండి. పోకపోతే నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) కలిపి, నురగ ఆగేదాకా నానబెట్టండి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుప వస్తువుతో గోకితే పలకల పూత పోతుంది. ఊరికే యాసిడ్‌లో ముంచినా అంతే, కాబట్టి పెచ్చు లేనప్పుడు ముట్టుకోకండి.

పీహెచ్ ఎప్పుడూ పైకే పోతోంది

ఈ పూల్స్‌లో ఇది మామూలే. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్లను కలియబెట్టడంతో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. యాసిడ్ కొద్దికొద్దిగా వేస్తూ 7.2–7.8 మధ్య ఉంచండి. అస్తమానం పెరుగుతుంటే ఆల్కలినిటీని (నీటి క్షారతను) 60–80 పీపీఎంకి దించండి, వేగం తగ్గుతుంది. పట్టించుకోకపోతే సెల్‌కి మళ్లీ పెచ్చు కడుతుంది.

నీళ్లు పచ్చబడ్డాయి

క్లోరిన్ చాలక నాచు పట్టింది. క్లోరిన్ తయారుచేసే యంత్రాన్ని వంద శాతానికి పెట్టి కూర్చుంటే లాభం లేదు, అది నిదానంగా తయారుచేస్తుంది. ద్రవ క్లోరిన్ పోసి, గోడలు బ్రష్‌తో రుద్ది, నీళ్లు తేటపడేదాకా ఫిల్టర్ నడపండి. ఫిల్టర్ ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటికంటే 8–10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి. తర్వాత స్టెబిలైజర్ (ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే రసాయనం) కొలవండి. అది తక్కువైతే తయారైన క్లోరిన్‌ని ఎండ తినేస్తుంది. 60–80 పీపీఎం ఉంటే చాలు.

క్లోరిన్ వాసన ఘాటుగా ఉంది, కళ్లు మండుతున్నాయి

చాలాసార్లు కారణం క్లోరిన్ ఎక్కువవడం కాదు. చెమట, మూత్రంతో కలిసి క్లోరమిన్లుగా మారిన క్లోరిన్ అది. దీనికీ ద్రవ క్లోరిన్‌తో షాక్ ఇవ్వడమే (ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోయడమే) మందు. క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఎవర్నీ దిగనివ్వకండి.