తోలు చేత్తో కుట్టేటప్పుడు దారం సతాయిస్తోందా? ఎందుకో, ఏం చెయ్యాలో చూద్దాం

బెల్టు కుట్టినా పర్సు కుట్టినా కుట్టు సరిగ్గా రాలేదంటే చెయ్యి ఇంకా తిరగలేదు అనుకుంటాం. నేనూ చాలా రోజులు అలాగే అనుకుని ఒకే ముక్క మీద మళ్ళీ మళ్ళీ కుట్టి ప్రాక్టీస్ చేశా, కానీ తేడా అసలు దారం సిద్ధం చేసుకునే దగ్గరే ఉందని తర్వాత అర్థమైంది. బస్టాండ్ల దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన్ని ఎవర్నైనా కాసేపు గమనించండి, కుట్టు మొదలెట్టే ముందే దారాన్ని మైనం ముద్ద మీద లాగి, వేళ్ళతో తడిమి చూసుకుని అప్పుడు ఆరె (తోలుకి చిల్లు పొడిచే మొనదేలిన పనిముట్టు) పట్టుకుంటారు. మనం ఆ పని వదిలేసి తిన్నగా కుట్టులోకి దిగిపోతాం.

ఇక్కడ చెప్పేదంతా రెండు సూదుల కుట్టు గురించి, అంటే ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు, ప్రతి చిల్లులోంచీ రెండూ ఎదురెదురుగా దాటతాయి. సూదులు మొన మొండిగా ఉన్నవి తీసుకోండి, బట్టలు కుట్టే పదును సూది వద్దు, ఎందుకో కింద చెప్తా.

సగం కుట్టేసరికి దారం పీచులు లేచి సన్నబడిపోతోంది

ఎక్కువమంది అడిగేది ఇదే. ముఖ్య కారణం దారం మరీ పొడుగు తీసుకోవడం. మధ్యలో అయిపోతే మళ్ళీ అతుకు పెట్టాలని భయపడి రెండు బారలు తీసేస్తారు, కానీ ఆలోచించండి, సూది వెనక ఉన్న జానెడు దారం మొదటి చిల్లు నుంచి చివరి చిల్లు దాకా ప్రతి దాంట్లోంచీ దూరి రావాలి, అందుకే అరుగుదలంతా ఆ కాస్త ముక్క మీదే పడుతుంది. కుట్టు పొడుగుకి మూడు నాలుగు రెట్లు చాలు, తోలు మందంగా ఉంటే నాలుగు పైన, దానికి తోడు సూదులకి పట్టే తోకల కోసం ఇంకో పది పన్నెండు అంగుళాలు. పది అంగుళాల కుట్టుకి యాభై అంగుళాల దారం అన్నమాట. బారన్నర దాటుతోందంటే రెండు దఫాలుగా కుట్టడమే మేలు.

రెండో కారణం చిల్లు చిన్నదవడం. సూదిని పక్కడ్‌తో పట్టి గుంజాల్సి వస్తోందంటే చిల్లు దారానికి సరిపోవట్లేదని అర్థం, ఆరె ఇంకొంచెం లోపలికి దించండి. అప్పటికే పీచు లేచిన దారమైతే సూది తీసేసి, ఆ పాడైన నాలుగంగుళాలు కత్తిరించి మళ్ళీ ఎక్కించుకోండి, మైనం పూసి దాచాలని చూస్తే ఇంకో పది కుట్లకి తెగుతుంది.

మైనం తెల్లగా పొట్టులా రాలుతోంది, లేదా ఉండలు కడుతోంది

ముందు మీ దగ్గరున్నది ఏ మైనమో చూడండి. కొవ్వొత్తి మైనం పెళుసు, దారం వంగగానే రాలిపోతుంది. తేనెమైనమే వాడండి. దారాన్ని మైనం ముద్ద మీద బొటనవేలితో నొక్కి పట్టి రెండు మూడు సార్లు లాగితే చాలు, కానీ అసలు పని ఆ తర్వాత ఉంది, ఒక పాత నూలుగుడ్డ మడతలో దారం పెట్టి గట్టిగా నొక్కి గబగబా లాగాలి, ఆ రాపిడి వేడికి మైనం కరిగి పోగుల లోపలికి దిగుతుంది, ఎక్కువైంది గుడ్డకి అంటుకుంటుంది. ఈ ఒక్క పని చెయ్యకపోవడం వల్లే ఉండలు కడతాయి.

చలికాలం పొద్దున్నే కుడితే తేనెమైనం గట్టిపడి కుట్టు మీద తెల్లగా కనబడుతుంది, అది పాడైనట్టు కాదు, హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కాసేపు చూపించి గుడ్డతో తుడిస్తే పోతుంది. మే నెలలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, మైనం మెత్తబడి జిగటగా దుమ్మంతా పట్టేస్తుంది, కాబట్టి ఎండాకాలం ఒక్కసారి లాగితే చాలు. రీలు మీదే మైనం పట్టించి వచ్చే పాలిస్టర్ దారాలకి మళ్ళీ పూయాల్సిన పని లేదు, అవిసెనార (లినెన్) దారానికి మాత్రం తప్పనిసరి.

దారం ఏదో తెలీకపోతే చిన్న ముక్క వెలిగించి చూడండి. అవిసెనార కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్, నైలాన్ కరిగి గట్టి పూసలా అవుతాయి. ఈ తేడా చివర్లో దారం ముగించే దగ్గర పనికొస్తుంది.

దారం మెలికలు తిరిగి చిక్కు పడుతోంది

సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ దూర్చడం మనకి తెలీకుండానే జరిగిపోతుంది, తిప్పిన ప్రతిసారీ దారంలో కొంచెం పురి ఎక్కుతుంది లేదా విప్పుకుంటుంది. పది పన్నెండు కుట్లకోసారి పని ఆపి సూదిని వదిలేసి గాల్లో వేలాడనివ్వండి, అదే గిర్రున తిరిగి సర్దుకుంటుంది. దారం తీసేటప్పుడు కూడా రీలుని నిలబెట్టి పైనుంచి లాగకండి, పక్కకి పడుకోబెట్టి దొర్లిస్తూ తీయండి, పైనుంచి లాగితే ప్రతి చుట్టుకీ ఒక మెలిక వచ్చి చేరుతుంది. అల్లిన చప్పిడి దారానికి పురి ఉండదు కానీ రిబ్బన్‌లా తిరగబడి కుట్టు ఒకచోట వెడల్పుగా ఒకచోట సన్నగా కనబడుతుంది, ఒక్కో కుట్టు బిగించే ముందు వేలితో సరిచేసుకోవాలి, ఓపిక పట్టాల్సిందే.

సూదిలోంచి దారం జారిపోతోంది, లేదా బెజ్జం దగ్గర లావై చిల్లులో ఇరుక్కుంటోంది

ముడి వేస్తే ఇరుక్కుంటుంది, వెయ్యకపోతే జారుతుంది. దీనికి పద్ధతి ఇది: చివర బెజ్జంలో దూర్చి మూడంగుళాల తోక బయటికి లాగండి, ఆ తోకని సూది మొనతో సరిగ్గా మధ్యలోంచి రెండు చోట్ల పొడవండి, పొడిచిన భాగాన్ని సూది మీదుగా వెనక్కి జరిపి బెజ్జం దాటించి పొడుగు దారం మీదకి తెచ్చి బిగించండి. ఇంక జారదు. లావు నార దారమైతే ముందు చివరి మూడంగుళాల పురి విప్పి, చెక్క మీద పరిచి చాకు వీపుతో గీకి, కొసకి వెళ్ళేకొద్దీ సన్నబరిచి, మైనం రాసి మళ్ళీ పురి ఎక్కించాలి. నాకు ఈ పని చాలా ఇష్టం, కొస సూదిలా తయారై బెజ్జంలో మొదటిసారికే దూరితే ఆ రోజు పని హాయిగా సాగుతుంది.

బిగించేటప్పుడు టప్పున తెగిపోతోంది

నూటికి తొంభై సార్లు రెండో సూది మొదటి దారాన్ని పొడిచేసి ఉంటుంది, పదును సూది వద్దన్నది ఇందుకే. మొదటి సూది దాటాక రెండోది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని కొంచెం వెనక్కి లాగుతూ ఉండండి, పొడుచుకుంటే అది కదలదు, వెంటనే చేతికి తెలుస్తుంది. తెలిస్తే కత్తెర తీయకండి, వచ్చిన దారినే సూదిని వెనక్కి తీస్తే సరిపోతుంది. దారం చిల్లులో ఉండగా ఆరె మళ్ళీ దించడం ఇంకో తప్పు, ఆరె అంచుకి పోగులు కోసుకుపోతాయి.

దారం తోలులోకి కోసుకుపోతోంది

మెత్తటి గొర్రెతోలుకి సన్న దారం వేసి బలమంతా పెట్టి లాగితే అంతే. చిల్లుల మధ్య 3 మిల్లీమీటర్లుంటే అర మిల్లీమీటరు దారం, 4 ఉంటే 0.6 నుంచి 0.8, బెల్టుకి 5 పెడితే 1 మిల్లీమీటరు, నేను ఇలా వాడతా. దారం తోలు మీద ఆనగానే ఆగాలి, లోపలికి దిగేదాకా లాగకూడదు. నైలాన్‌తో ఇంకా జాగ్రత్త, అది సాగుతుంది, సాగదీసి బిగిస్తే తర్వాత ముడుచుకుని తోలు మొత్తం ముడతలు పడుతుంది.

తెల్ల దారం నల్లబడింది

రంగేసిన తోలు అంచుని తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, గుడ్డకి రంగు అంటితే దారానికీ అంటుతుంది. రంగు రావడం ఆగేదాకా తుడిచాకే కుట్టండి. చేతులు కడుక్కోవడం ఎలాగూ ఉంది.

చివర ఊడిపోతోంది, మధ్యలో దారం అయిపోయింది

రెండింటికీ ఒకటే మందు, వెనక్కి రెండు మూడు చిల్లులు తిరిగి కుట్టడం. పాలిస్టర్ అయితే రెండు దారాలూ వెనక వైపుకి తెచ్చి ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించి, లైటర్ మంట పక్కనుంచి చూపించి కరిగాక నొక్కేయండి, మంట తోలుకి తగిలితే ఆ మచ్చ పోదు. నార దారం కరగదు కాబట్టి తోలుకి ఆనించి కత్తిరించి, చివరి చిల్లులో చుక్క జిగురు. మధ్యలో అయిపోయేలా ఉంటే నాలుగంగుళాలు మిగిలుండగానే ఆపి, పాతదాన్ని రెండు చిల్లులు వెనక్కి కుట్టి ముగించి, కొత్త దారాన్ని అవే రెండు చిల్లుల్లోంచి మొదలెట్టి ముందుకి రండి. ఆ రెండు కుట్లు కాస్త లావుగా కనబడతాయి, సుత్తితో మెల్లగా తడితే అణుగుతాయి.