రియాక్షన్ పెట్టేముందు ముగింపు రాసుకో

తమ్ముడివైనా చెల్లివైనా నువ్వు అనే పిలుస్తాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ గ్రూపులో కొత్తగా చేరావు. దేశం కొత్త, మాట కొత్త, పక్క హుడ్ (పొగలు బయటికి లాగేసే అద్దాల గూడు) దగ్గర నిలబడ్డ మనిషి కొత్త. వీసా, ఇల్లు, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి నేను పోను. సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తారు, కోటూ కళ్లజోడూ ఇస్తారు, షవర్ ఎక్కడుందో చూపిస్తారు. అవి కూడా వదిలేస్తున్నాను. నన్ను రాత్రిళ్లు నిద్ర పోనివ్వని సంగతి ఒక్కటే ఉంది, అదే రాస్తున్నాను.

మొన్న గురువారం సాయంత్రం మా ల్యాబులో చేరి రెండు వారాలైన కుర్రాడు సోడియం హైడ్రైడ్ తూచాడు. నూనెలో కలిపిన 60 శాతం సరుకు. బూడిద రంగులో మెత్తగా, దీనివల్ల ఏమవుతుందిలే అనిపించేలా ఉంటుంది. ఫ్లాస్కు ఆరబెట్టాడు, నైట్రోజన్ పెట్టాడు, టీహెచ్ఎఫ్ అనే సాల్వెంట్ పోశాడు. ఒక్క తప్పు లేదు. తర్వాత స్పాచులాకు అంటుకున్న కాస్త పొడిని టిష్యూతో తుడిచి చెత్తబుట్టలో వేశాడు. ఆ బుట్టలో అప్పటికే ఎవరో చేతులు తుడుచుకుని పడేసిన తడి టిష్యూలు ఉన్నాయి. ముందు సన్నగా పొగ వచ్చింది. అది ఎక్కడి నుంచి వస్తోందో మేం వెతుక్కునేలోపే మంట లేచింది. పక్క బెంచీ అమ్మాయి ఇసుక బకెట్ ఎత్తి పోసేసింది కాబట్టి బుట్టతో పోయింది.

నేను వాడిమీద అరిచాను. అరవకుండా ఉండాల్సింది. కాసేపయ్యాక కూర్చోబెట్టి అడిగాను, స్పాచులాను ఏం చేద్దామనుకున్నావని. "దాని గురించి ఆలోచించలేదన్నా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆలోచించలేదు. మొదటి మూడు నెలలూ నేను కూడా ఆలోచించలేదు.

దీనికి కారణం మన తెలివితక్కువతనం కాదు. ఎంఎస్సీ ప్రాక్టికల్స్‌లో మాన్యువల్ చెప్పినట్టు చేస్తాం, ఈల్డ్ రాసుకుంటాం, ఫ్లాస్కు బెంచీ మీద పెట్టి వచ్చేస్తాం. ఆ తర్వాత దాన్ని ఎవరు కడిగారో, లోపల మిగిలింది ఎక్కడికి పోయిందో మనకు తెలియదు. పేపర్లు కూడా అంతే. అరపేజీ ప్రొసీజర్‌లో ఏ రియేజెంట్ ఎన్ని మిల్లీమోల్స్, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అని అన్నీ రాసి, చివరికి "నీళ్లతో క్వెంచ్ చేశాం" అని, అంటే నీళ్లు పోసి రియాక్షన్ ఆపేశామని, మూడు ముక్కల్లో తేల్చేస్తారు. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి, బయటికి రావడం తెలియని అభిమన్యుడిలా మనం ఫ్లాస్కు ముందు నిలబడతాం.

నా సంగతి చెప్తాను. మూడో నెలలో ఒక ఎస్టర్‌ను లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌తో, అంటే ఎల్ఏహెచ్‌తో, రెడ్యూస్ చేశాను. 2 గ్రాముల ఎల్ఏహెచ్, ఈథర్‌లో, రాత్రంతా. పొద్దున టీఎల్‌సీ (రియాక్షన్ ఎంత నడిచిందో మచ్చల్లో చూపించే ప్లేటు) చూస్తే స్టార్టింగ్ మెటీరియల్ జాడ లేదు, కింద ఒకే ఒక్క స్పాట్. ఆ సంతోషంలో ఐస్‌బాత్ కూడా పెట్టకుండా వాష్ బాటిల్‌తో నీళ్లు పోశాను. ఎన్ని పోశానో నాకే తెలియదు. లోపల బూడిద రంగు ముద్ద ఒక్కసారిగా తెల్లబడి, బుసబుస పొంగి, కండెన్సర్ మీది నుంచి ఈథర్‌తో సహా బయటికి వచ్చింది. మా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో పరిశోధన చేసే సీనియర్) నన్ను భుజం పట్టి వెనక్కి లాగి హుడ్ అద్దం కిందికి దించేశాడు. అద్దం వెనక ఒక్క క్షణం మంట వెలిగి ఆరింది. నాలుగు స్టెప్పులు చేసి తెచ్చిన పదార్థమంతా హుడ్ గోడలకు అంటుకుంది. అయినా నా గుండె దడ అందుకు కాదు. అద్దం దించకముందు నా ముఖం ఎక్కడ ఉందో నాకు గుర్తుంది.

ఇప్పుడు లెక్క వేసి చూడు. ఒక మోల్ ఎల్ఏహెచ్ పూర్తిగా నీటితో కలిస్తే నాలుగు మోల్స్ హైడ్రోజన్ వస్తుంది. 2 గ్రాములంటే 0.05 మోల్ పైన. అంతా మిగిలే ఉంటే గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 5 లీటర్ల హైడ్రోజన్. రియాక్షన్‌లో కొంత ఖర్చయినా, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులోంచి లీటర్ల కొద్దీ వాయువు రావాలి. చుక్కచుక్కగా పోస్తే అది బుడగలుగా మెల్లగా పోతుంది. ఒక్కసారి పోస్తే ఈథర్‌ను వెంటేసుకుని పోతుంది.

సరైన పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, ఫీసర్ వర్కప్ అంటారు (రియాక్షన్ ఆపి ప్రోడక్ట్‌ను విడదీయడమే వర్కప్). ఫ్లాస్కును ఐస్‌బాత్‌లో పెట్టి 0 డిగ్రీలకు చల్లార్చాలి. ఇంకాస్త ఈథర్ పోసి పలచన చేయాలి. x గ్రాముల ఎల్ఏహెచ్ వాడితే ముందు x మిల్లీలీటర్ల నీళ్లు, తర్వాత x మిల్లీలీటర్ల 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్, తర్వాత 3x మిల్లీలీటర్ల నీళ్లు. నా 2 గ్రాములకు 2, 2, 6. అంతే. మొత్తం 10 మిల్లీలీటర్లు చాలేదానికి నేను వాష్ బాటిల్ ఎత్తాను. మొదటి 2 మిల్లీలీటర్ల దగ్గరే ప్రమాదమంతా. ఒక చుక్క వెయ్యి, బుడగలు ఆగేదాకా చూడు, రెండో చుక్క వెయ్యి. అందుకు అరగంట పడితే పట్టనీ. నైట్రోజన్ పోతూ ఉండాలి, వాయువు బయటికి పోయే దారి తెరిచి ఉండాలి, సెప్టం (రబ్బరు మూత) బిగించి కూర్చోకు. సరిగ్గా చేస్తే చివర్లో తెల్లటి రవ్వలాంటి పొడి అడుగున చేరుతుంది. ఫిల్టర్ చేస్తే హాయిగా దిగుతుంది. నీళ్లు ఎక్కువ పోసినవాళ్లకు జిగురులాంటి ముద్ద మిగులుతుంది, అది వడకట్టడానికి పూట పడుతుంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచి, రియాక్షన్ స్కీమ్ గీయకముందే, పైన మూడు ముక్కలు రాయి. దీన్ని దేనితో, ఎన్ని డిగ్రీల దగ్గర ఆపుతాను. ఎక్కువైన రియేజెంట్ ఏమవుతుంది, ఏ వాయువు వస్తుంది. దానికి తగిలిన సూది, స్పాచులా, ఫిల్టర్ కాగితం, గ్లవ్ ఎక్కడికి పోతాయి. ఈ మూడింటిలో ఒక్కదానికి జవాబు తెలియకపోయినా తూచడం మొదలుపెట్టకు. అడుగు. జవాబు వచ్చాకే బాటిల్ మూత తియ్యి.

సోడియం హైడ్రైడ్ అయితే, స్పాచులాను హుడ్‌లోనే ఐసోప్రొపనాల్ ఉన్న చిన్న బీకరులో ముంచు, బుడగలు పూర్తిగా ఆగాకే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లు. బ్యూటైల్ లిథియం అయితే సిరంజి పని కాగానే పొడి హెక్సేన్ రెండుసార్లు లాగి, హెక్సేన్‌లో ఐసోప్రొపనాల్ కలిపిన చల్లటి బీకరులోకి మెల్లగా వదులు. ఫ్లాస్కు వైపు చూస్తూ సూదిని పక్కన పెట్టేశావో, పది నిమిషాల్లో లోపల తెల్లటి గట్టిపదార్థం పట్టి మూసుకుపోతుంది. మూసుకుపోయిన సూదిని బలవంతంగా నొక్కేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకు.

ఇక్కడ ఒక్క మాట. 2008 డిసెంబరు 29న అమెరికాలో యూసీఎల్ఏ యూనివర్సిటీలోని ఒక ఆర్గానిక్ ల్యాబులో 23 ఏళ్ల అమ్మాయి టెర్ట్-బ్యూటైల్ లిథియం సిరంజితో తీస్తుండగా ప్లంజర్ ఊడి వచ్చింది. ఆ ద్రావణం గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. ఆమె ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, స్వెటర్‌కు మంట అంటుకుంది. 18 రోజుల తర్వాత ఆమె చనిపోయింది. చేరి మూడు నెలలు కూడా కాలేదు. కోటు వేసుకో, గుండీలు పెట్టుకో, లోపల నూలు బట్టలు వేసుకో, సిరంజిని సగానికి మించి నింపకు. దీని గురించి నాతో వాదన వద్దు.

మళ్లీ ముగింపుల దగ్గరికి వస్తాను. హైడ్రోజనేషన్ పెట్టినప్పుడు అందరి భయం హైడ్రోజన్ నింపిన బెలూన్ మీదే ఉంటుంది. మంట లేచేది చాలాసార్లు ఆ తర్వాత, ఫిల్టర్ దగ్గర. పల్లాడియం ఆన్ కార్బన్ క్యాటలిస్టును సిలైట్ అనే వడపోత పొడి మీద వడకడతావు, మెథనాల్‌తో కడుగుతావు, ఇంకా బాగా దిగాలని వ్యాక్యూమ్ అలాగే వదిలేస్తావు. ఆ నల్లటి పొర ఎండుతుంది. దాని మీద హైడ్రోజన్ ఉంది, చుట్టూ మెథనాల్ ఆవిరి ఉంది, ఇప్పుడు గాలి కూడా దొరికింది. నిప్పు ఎవరూ పెట్టనక్కర్లేదు. అందుకే ముందు ఫ్లాస్కులోని హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో పూర్తిగా తోసెయ్యి, పొరను ఏ దశలోనూ ఎండనివ్వకు, చివర్లో నీళ్లతో తడిపి, లేబుల్ వేసిన డబ్బాలో తడిగానే వెయ్యి. మామూలు చెత్తబుట్టలో మాత్రం వద్దు.

వేస్ట్ బాటిల్ కూడా ఒక ఫ్లాస్కే అనుకో. అందులోనూ రియాక్షన్లు జరుగుతాయి, వాటిని ఎవరూ కనిపెట్టి చూడరు. నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన నీళ్లు సాల్వెంట్ వేస్ట్‌లో పోసి మూత బిగిస్తే, గంట తర్వాతో తెల్లవారుజామునో బాటిల్ పగులుతుంది. సోడియం అజైడ్ వాడిన వర్కప్‌ను డైక్లోరోమీథేన్‌తో తీయకు, ఆ వేస్ట్‌ను హాలోజనేటెడ్ బాటిల్‌లో పోయకు, పేలే డైఅజైడోమీథేన్ తయారవ్వచ్చు. యాసిడ్ కూడా తగలనివ్వకు, హైడ్రజోయిక్ యాసిడ్ వస్తుంది, అది విషం, పేలుతుంది కూడా. పోసేముందు బాటిల్ మీద ఇంతకుముందు ఎవరు ఏం పోశారో చదువు. నువ్వు పోసింది రాయి. చదవడానికి వీల్లేకుండా ఉంటే ఆ బాటిల్ వాడకు.

భాష సంగతి. పోస్ట్‌డాక్ గబగబా చెప్పి "సరేనా?" అంటాడు. సగం అర్థం కాలేదు, అయినా మొదటి వారంలోనే ఏమీ రానివాడని అనుకుంటాడేమోనని గంగిరెద్దులా తల ఊపుతాం. నేనూ ఊపాను. దానికి ఒక మందు ఉంది. విన్నదాన్ని నీ మాటల్లో తిరిగి చెప్పు, "అంటే ముందు 0 డిగ్రీలకు చల్లార్చి, ఐసోప్రొపనాల్ చుక్కచుక్కగా వేసి, బుడగలు ఆగాకే నీళ్లు, అంతేనా?" అని. వ్యాకరణం తప్పినా ఫర్వాలేదు, అంకెలు తప్పకూడదు. ఇలా అడిగినందుకు నిన్ను తక్కువగా చూసే సీనియర్ ఉంటే ఇంకో సీనియర్‌ను అడుగు.

ఇంకొకటి, రాత్రి పదకొండింటికి క్వెంచ్ చేయకు. రియాక్షన్ అయిపోయిందని తెలిసినా, ఒంటరిగా ఉన్నా, నిద్ర ముంచుకొస్తున్నా, ముఖ్యంగా అప్పుడే వద్దు. చాలా వాటిని నైట్రోజన్ కింద చల్లగా వదిలేసి, హుడ్ అద్దం మీద పేరు, ఫోన్ నంబరు, లోపల ఏముందో రాసి ఇంటికి పోవచ్చు. అలా వదలకూడనిదైతే దాన్ని పొద్దున్నే పెట్టాలి. ముగింపు ఏ వేళకు వస్తుందో చూసుకుని మొదలు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించుకో.

మిగతావి త్వరగా చెప్తాను. టీఎల్‌సీలో ఆర్ఎఫ్ (సాల్వెంట్ ఎక్కిన ఎత్తులో స్పాట్ ఎక్కిన వంతు) 0.3 దగ్గరికి వచ్చే సాల్వెంట్ దొరికాకే కాలమ్ (ప్రోడక్ట్‌ను శుద్ధిచేసే సిలికా గొట్టం) వెయ్యి. ఈథర్, టీహెచ్ఎఫ్ బాటిల్ తెరిచిన రోజే తేదీ రాయి, నిల్వలో పుట్టి పేలే పెరాక్సైడ్‌లు చెప్పి రావు. సన్నటి నైట్రైల్ గ్లవ్ డైక్లోరోమీథేన్‌ను రెండు నిమిషాలు కూడా ఆపదు, ఒలికితే వెంటనే తీసెయ్యి. గ్లవ్స్‌తో తలుపు పిడి పట్టుకోకు. క్రూడ్ (ఇంకా శుద్ధిచేయని ప్రోడక్ట్) 112 శాతం వచ్చిందంటే సాల్వెంట్ పోలేదని అర్థం. డ్యూటరేటెడ్ క్లోరోఫాంలో తీసిన ఎన్ఎంఆర్‌లో (అణువు నిర్మాణం తెలిపే స్పెక్ట్రం) 1.26, 2.05, 4.12 పీపీఎం దగ్గర అందంగా కనిపించే పీకులు ఇథైల్ ఎసిటేట్‌వి, నీ ప్రోడక్ట్‌వి కావు. నేను వాటిని ప్రోడక్ట్ అనుకుని గ్రూప్ మీటింగ్‌లో చూపించాను. ఆ సాల్వెంట్ పీకుల పట్టిక ప్రింట్ తీసి గోడకు అంటించుకో.

ఇప్పుడు చెప్పడానికి మనసొప్పని మాట ఒకటి ఉంది. ఇది విని జాగ్రత్త తగ్గిస్తావేమోనని ఇంతసేపు ఆగాను. మొదటి ఆరు నెలల్లో నీ రియాక్షన్లలో ఎక్కువ భాగం పనిచేయవు. అది నీ చేతగానితనం కాదు. పేపర్లో 85 శాతం వచ్చింది నీకు 20 రావడం, అసలు రాకపోవడం, వచ్చింది కాలమ్ మీద పోగొట్టుకోవడం, ఇవన్నీ ఇక్కడ అందరూ చేసిన పనులే. ఆ ఎల్ఏహెచ్ రోజున నేను సామాను సర్దుకుని వెళ్లిపోదామనుకున్నాను. నన్ను వెనక్కి లాగిన పోస్ట్‌డాక్ ఒక్క మాట అనలేదు. నాతోపాటు హుడ్ గోడలు తుడిచి, మర్నాడు పక్కన నిలబడి 2, 2, 6 వేయించాడు. తెల్లటి పొడి అడుగున కూర్చోవడం ఆ రోజే మొదటిసారి చూశాను. చేతులకు పని వస్తుంది. అందరికీ వచ్చింది, నీకూ వస్తుంది. కాస్త టైం పడుతుంది, అంతే.

ఈరోజు పొద్దున ఆ కుర్రాడు నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. మళ్లీ సోడియం హైడ్రైడే. పేజీ పైన మూడు లైన్లు రాసుకున్నాడు. ఐసోప్రొపనాల్, 0 డిగ్రీలు, హైడ్రోజన్ వస్తుంది, స్పాచులా హుడ్‌లోని బీకరులోకి. ఫ్లాస్కు మూతికి అంటుకునే పొడి సంగతి రాయలేదు. దాన్నేం చేస్తావని అడిగాను. కాసేపు ఆలోచించి, నైట్రోజన్ పోతుండగానే టీహెచ్ఎఫ్‌తో లోపలికి కడిగేస్తానన్నాడు. రాయమన్నాను. రాశాడు. అప్పుడు బాటిల్ మూత తీశాడు.