చివరి మాటే యజమాని: ఇంగ్లీష్ జంట పదాలను విడదీయడం, కలపడం

బడిలో సమాసాలకు విగ్రహవాక్యం రాసినవాళ్లకు ఇంగ్లీష్ కాంపౌండ్ పదాలు కొత్త సంగతి కాదు. 'తలనొప్పి'ని 'తలలో నొప్పి' అని విడదీసినట్టే 'హెడేక్'ను విడదీయొచ్చు. మాటల వరస కూడా అదే: హెడ్ అంటే తల, ఏక్ అంటే నొప్పి. ఇంగ్లీష్ సమాసాలను వర్గీకరించే పాశ్చాత్య భాషా శాస్త్రవేత్తలు కూడా తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వ అనే సంస్కృత వ్యాకరణ పదాలనే వాడుతుంటారు. అంటే అర్థం చేసుకోవడంలో మనకు సగం పని ముందే అయిపోయింది. పొరపాట్లు జరిగేది రాసేటప్పుడు, బహువచనం చేసేటప్పుడు, పలికేటప్పుడు.

ముందు చివరి మాట చూడండి

జంట పదంలో చివరి మాట ఆ వస్తువు ఏమిటో చెబుతుంది, ముందు మాట ఎలాంటిదో చెబుతుంది. హౌస్‌బోట్ ఒక పడవ, బోట్‌హౌస్ పడవలు పెట్టే ఇల్లు. రేస్‌హార్స్ గుర్రం, హార్స్ రేస్ పందెం. మిల్క్ చాక్లెట్‌ను కొరుకుతాం, చాక్లెట్ మిల్క్‌ను తాగుతాం. కొత్త మాట ఎదురైతే చివరి నుంచి మొదలుపెట్టి 'ఇది ఒక...' అని వాక్యం పూర్తి చేయండి.

రెండు మాటల మధ్య సంబంధం మాత్రం ఇంగ్లీష్ చెప్పదు, మనమే పట్టుకోవాలి. ఆలివ్ ఆయిల్ ఆలివ్ కాయల నుంచి తీసిన నూనె, హెయిర్ ఆయిల్ జుట్టుకు రాసే నూనె, బేబీ ఆయిల్ పసిపిల్లల కోసం చేసిన నూనె. మూడింటి కట్టుబడి ఒకటే. తెలుగులో కొబ్బరినూనె, వంటనూనె పక్కపక్కన పెట్టినా ఇదే కనిపిస్తుంది: ఒకటి కొబ్బరి నుంచి, ఇంకొకటి వంట కోసం. విగ్రహవాక్యం రాసేది ఇందుకే. 'నుంచి, కోసం, లో, తో, యొక్క' వీటిలో ఏది అతుకుతుందో వేసి చూస్తే అర్థం తేలిపోతుంది.

నాలుగైదు మాటలు గొలుసుగా వచ్చినా పద్ధతి మారదు. 'రైల్వే టికెట్ రిజర్వేషన్ కౌంటర్' అంటే చివరికి అది ఒక కౌంటర్. దేనికి? రిజర్వేషన్‌కు. దేని రిజర్వేషన్? టికెట్‌ది. ఎవరి టికెట్? రైల్వేది. ఇలాంటి గొలుసులు మీరు రాస్తుంటే మూడు మాటల దగ్గర ఆగిపోవడం మంచిది. నాలుగోది కావాలంటే 'ఫర్' అనో 'ఆఫ్' అనో వేసి వాక్యాన్ని విడగొట్టండి, చదివేవాళ్లకు ఊపిరి ఆడుతుంది.

తెలుగువాళ్లు తరచూ తడబడే చోటు ఒకటుంది. 'రెండు కప్పుల టీ తాగాను' అనాల్సినప్పుడు 'టూ టీ కప్స్' అంటారు. చివరి మాట కప్ కాబట్టి అప్పుడు తాగింది కప్పులను అవుతుంది. టీకప్ అంటే పాత్ర, అందులో టీ ఉండనక్కర్లేదు. కప్ ఆఫ్ టీ అంటే తాగే టీ. మ్యాచ్‌బాక్స్ అంటే అగ్గిపెట్టె, లోపల పుల్లలు ఉన్నా లేకపోయినా. బాక్స్ ఆఫ్ మ్యాచెస్ అంటే పుల్లలు ఉన్న పెట్టె. హోటల్లో మంచినీళ్లు కావాలంటే అడగాల్సింది 'వాటర్ గ్లాస్' కాదు, 'గ్లాస్ ఆఫ్ వాటర్'.

యజమాని బయట ఉన్నప్పుడు

ముక్కంటి అంటే కన్ను కాదు, మూడు కన్నులు కలవాడు. బహువ్రీహిలో అసలు మనిషి పదం బయట ఉంటాడు. ఇంగ్లీష్‌లో రెడ్‌హెడ్ అలాంటిదే: తల కాదు, ఎర్ర జుట్టు కల మనిషి. స్కేర్‌క్రో కాకి కాదు, కాకులను బెదరగొట్టే దిష్టిబొమ్మ. పిక్‌పాకెట్ జేబు కాదు, జేబులు కొట్టే దొంగ. మనం తెలుగులో 'బస్సులో పిక్‌పాకెట్ అయింది' అంటాం. ఇంగ్లీష్‌లో పిక్‌పాకెట్ దొంగ పేరు, ఆ నేరం పేరు పిక్‌పాకెటింగ్.

కొన్నింటిని విడదీస్తే ఏమీ దొరకదు. హనీమూన్, డెడ్‌లైన్, బటర్‌ఫ్లై, హాట్ డాగ్ లాంటివి మొత్తంగా ఒక మాటగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ఇంకొన్నింటిలో అతుకు చెరిగిపోయింది. విండో పాత నార్స్ (ఒకనాటి స్కాండినేవియా) భాషలో 'గాలికన్ను' అనే సమాసం. మన గవాక్షం 'ఆవు కన్ను'. రెండు భాషల వాళ్లకూ కిటికీలో కన్నే కనిపించింది!

ద్వంద్వ సమాసం దగ్గర మాత్రం జాగ్రత్త. తల్లిదండ్రులు, అన్నదమ్ములు అని మనం సులువుగా కలిపేస్తాం. ఇంగ్లీష్ అంత తేలిగ్గా కలపదు. 'మై మదర్ ఫాదర్' తప్పు, మధ్యలో 'అండ్' ఉండాలి, లేదా పేరెంట్స్ అనాలి. డే-నైట్ మ్యాచ్, సింగర్-సాంగ్‌రైటర్ లాంటివి ఉన్నాయి కానీ అవి వాడుకలో స్థిరపడినవి. వాటిని చూసి మనం కొత్తవి కట్టకూడదు.

కలపాలా, విడగొట్టాలా, గీత పెట్టాలా

జంట పదాన్ని మూడు రకాలుగా రాస్తారు. నోట్‌బుక్, రైల్వే, క్లాస్‌రూమ్ పూర్తిగా కలిసి ఉంటాయి. పోస్ట్ ఆఫీస్, బస్ స్టాప్, హై స్కూల్ మధ్య ఖాళీ ఉంటుంది. మదర్-ఇన్-లాలో హైఫన్ గీత ఉంటుంది. ఏది ఏ రకమో ముందుగా చెప్పే గట్టి సూత్రం లేదు. బెడ్‌రూమ్ కలుస్తుంది, లివింగ్ రూమ్ కలవదు. ఒక ఆనవాలు మాత్రం బాగా పనికొస్తుంది: ముందు మాట 'ఇంగ్'తో ముగిస్తే సాధారణంగా విడిగానే రాస్తారు. వెయిటింగ్ రూమ్, స్విమ్మింగ్ పూల్, వాషింగ్ మెషిన్, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ అంతే. మిగతావాటికి నిఘంటువే దిక్కు.

నిఘంటువు కూడా మారుతుంది. 2007లో వచ్చిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆరో కూర్పు సుమారు 16,000 మాటల్లో హైఫన్ తీసేసింది. ఐస్-క్రీమ్ రెండు మాటలైంది, పిజియన్-హోల్ ఒకే మాటైంది. 2011లో అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం ఈ-మెయిల్‌లోని గీతను తొలగించింది. కొత్త జంట మొదట విడిగానో గీతతోనో పుట్టి, వాడగా వాడగా అతుక్కుపోవడం మామూలే. అందుకని ఒక నిఘంటువును ఎంచుకుని, ఒక ఉత్తరంలోనో నివేదికలోనో మొదటి నుంచి చివరిదాకా దాన్నే అనుసరించండి. ఒకే పేజీలో మూడు రూపాలూ కనిపిస్తే మాత్రం బాగుండదు.

మనకు సమాసాన్ని కలిపి రాయడం అలవాటు, పైగా చెవికి ఒకే మాటలా వినిపిస్తుంది. అందుకేనేమో, కలపకూడని చోట కూడా కలిపేస్తాం. ఈ ఏడూ ఎప్పుడూ రెండు మాటలే: ఎట్ లీస్ట్, ఆఫ్ కోర్స్, ఇన్ ఫ్రంట్, యాజ్ వెల్, ఈచ్ అదర్, ఎ లాట్, ఇన్ స్పైట్. వీటిని కలిపి రాస్తే ఉద్యోగ దరఖాస్తులో ముందు కంటపడేవి ఇవే. తిరకాసుగా ఇన్‌స్టెడ్ మాత్రం ఒకే మాట, క్యాన్‌నాట్ కూడా సాధారణంగా ఒకే మాట.

ఇంకో గుంపు ఉంది: కలిపితే ఒక అర్థం, విడగొడితే ఇంకో అర్థం. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్ర గీత గీస్తుందని నమ్ముకోవద్దు, మీరే పట్టుకోవాలి.

లాగిన్, సెటప్, బ్యాకప్, చెకౌట్ కలిపి రాస్తే నామవాచకాలు. పనిని చెప్పేటప్పుడు లాగ్ ఇన్, సెట్ అప్, బ్యాక్ అప్, చెక్ అవుట్ అని విడిగా రాయాలి. పరీక్ష సులువు: వాక్యాన్ని భూతకాలంలోకి మార్చి చూడండి. 'లాగ్డ్ ఇన్' అని మార్పు మొదటి భాగానికే వస్తుంది, 'లాగిన్డ్' అని ఎవరూ అనరు. భూతకాలం అతికిందంటే అది క్రియ, విడిగా రాయండి.

ఎవ్రీడే కలిస్తే విశేషణం, 'రోజువారీ' అని. ఎవ్రీ డే విడిగా ఉంటే 'ప్రతి రోజూ'. ఆ చోట 'ఈచ్ డే' పెట్టి చూడండి, కుదిరితే రెండు మాటలుగా రాయాలి. 'ఓపెన్ ఎవ్రీడే' అని కలిపి రాసిన దుకాణం బోర్డులు తప్పు. మేబీ అంటే 'బహుశా', మే బీ అంటే 'అయి ఉండొచ్చు'. ఆల్రెడీ అంటే 'ఇప్పటికే', ఆల్ రెడీ అంటే 'అంతా సిద్ధం'.

నామవాచకం ముందు విశేషణంగా రెండు మాటలు జతగా నిలబడితే హైఫన్ కావాలి. మ్యాన్-ఈటింగ్ టైగర్ మనుషులను తినే పులి. ఆ గీత తీసేస్తే ఒక మనిషి కూర్చుని పులిని తింటున్నట్టు చదవొచ్చు. 'ఎ వెల్-నోన్ రైటర్' అన్నప్పుడు గీత ఉంటుంది. 'ది రైటర్ ఈజ్ వెల్ నోన్' అని నామవాచకం తర్వాతకు వెళితే సాధారణంగా అక్కర్లేదు. 'లీ'తో ముగిసే క్రియావిశేషణం తర్వాత గీత పెట్టరు: న్యూలీ మ్యారీడ్ కపుల్. ఫ్యామిలీ-ఓన్డ్‌లో మాత్రం పెట్టాలి, ఫ్యామిలీ చివర 'లీ' వినిపించినా అది నామవాచకం.

ఇక్కడే మన డబుల్ బెడ్‌రూమ్ ఇంటి సంగతి. తెలంగాణలో ప్రభుత్వ పథకం పేరుగా, అద్దె ప్రకటనల్లో అందరి నోళ్లలో నానిన మాట ఇది. బ్రిటన్‌లో డబుల్ బెడ్‌రూమ్ అంటే ఇద్దరు పడుకునే మంచం పట్టే గది, ఒక్క గది. రెండు పడకగదుల ఇల్లు కావాలంటే 'టూ-బెడ్‌రూమ్ హౌస్' అనాలి. మధ్యలో గీత, బెడ్‌రూమ్ ఏకవచనం. అంకె ముందుండి మొత్తం విశేషణమైతే లోపలి మాట ఏకవచనంలోకి దిగుతుంది: టెన్-రూపీ నోట్, టూ-అవర్ ఎగ్జామ్, ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్. అదే 'ది బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' అన్నప్పుడు బహువచనం వస్తుంది, గీతలు పోతాయి. రెండు, మూడు గదుల ఫ్లాట్లు కలిపి ప్రకటించాలంటే 'టూ- అండ్ త్రీ-బెడ్‌రూమ్ ఫ్లాట్స్'. టూ పక్కన గీత వేలాడుతూ ఉండాలి, అచ్చు తప్పు అనుకుని తీసేయకండి.

'ఎస్' ఎక్కడ తగిలించాలి

తెలుగులో చెప్పుల షాపు, కూరగాయల మార్కెట్, పూలదండ అంటాం, ముందు మాటే బహువచనంలో ఉంటుంది. దాన్నే ఇంగ్లీష్‌లోకి మోసుకెళ్లి షూస్ షాప్, వెజిటబుల్స్ మార్కెట్ అనేస్తాం. ఇంగ్లీష్‌లో ముందు మాట ఏకవచనమే: షూ షాప్, వెజిటబుల్ మార్కెట్, బుక్‌షాప్. నోట్లో ముప్ఫై రెండు పళ్లున్నా అది టూత్‌బ్రషే. మినహాయింపులు కొన్ని. స్పోర్ట్స్ డే, సేవింగ్స్ అకౌంట్, గూడ్స్ ట్రైన్, కస్టమ్స్ ఆఫీసర్. చాలావాటిలో 'ఎస్' తీస్తే అర్థమే మారిపోతుంది: కస్టమ్ ఆచారం, కస్టమ్స్ సుంకం.

మొత్తం పదానికి బహువచనం చేయాలంటే మామూలుగా చివర 'ఎస్'. అసలు మనిషి ముందు మాటలో ఉంటే అక్కడే పెట్టాలి: మదర్స్-ఇన్-లా, పాసర్స్-బై, రన్నర్స్-అప్. షష్ఠికి మాత్రం చివరకు వెళ్లాలి. 'అత్తగారి ఇల్లు' మదర్-ఇన్-లాస్ హౌస్. లోపల నామవాచకమే లేకపోతే నేరుగా చివరనే: గ్రోన్-అప్స్, టేక్-ఆఫ్స్. రెండు చెంచాల నూనెకు స్పూన్‌ఫుల్స్. ఉమన్ డాక్టర్ ఒక వింత, రెండు మాటలూ మారి విమెన్ డాక్టర్స్ అవుతుంది.

చెవికి తెలిసే తేడా

తెలుగులో ఒక మాటను మిగతావాటికంటే గట్టిగా నొక్కి పలికి అర్థం మార్చే అలవాటు లేదు. ఇంగ్లీష్ జంట పదాలకు అదే ప్రాణం. జంట నామవాచకమైతే సాధారణంగా మొదటి మాట మీద నొక్కు పడుతుంది, రెండోది తగ్గుతుంది. 'గ్రీన్', 'హౌస్' జంటలో 'గ్రీన్' మీద నొక్కితే మొక్కలు పెంచే అద్దాల ఇల్లు. 'హౌస్'నూ నొక్కితే పచ్చ రంగు వేసిన ఇల్లు. 'ఇంగ్లీష్ టీచర్'లో 'ఇంగ్లీష్' నొక్కితే ఇంగ్లీష్ పాఠం చెప్పేవారు, 'టీచర్' నొక్కితే ఇంగ్లండ్ దేశస్థులైన టీచరు. టీచర్ విషయంలో రాతలో రెండూ ఒకటే, గొంతే తేడా చెప్పాలి.

సాధన ఇలా చేయండి. పది జంటలు రాసుకుని, ఒక్కోటి పలుకుతూ మొదటి మాట దగ్గర బల్ల మీద ఒక్కసారి కొట్టండి, రెండో మాట దగ్గర గొంతు దించండి. వీధుల పేర్లకు వేరే పద్ధతి ఉంది: స్ట్రీట్‌తో ముగిస్తే ముందు పేరును నొక్కాలి, రోడ్, అవెన్యూ అయితే ఆ చివరి మాటనే. ఓల్డ్-ఫ్యాషన్డ్, బ్యాడ్-టెంపర్డ్ లాంటి విశేషణాల్లో నొక్కు రెండో మాట మీద ఉంటుంది.

నొక్కు తగ్గిన భాగం అరిగిపోతుంది కూడా. కప్‌బోర్డ్ అని రాసినా పలికేది 'కబర్డ్', 'ప' పోయింది. బ్రేక్, ఫాస్ట్ కలిసి 'బ్రెక్‌ఫస్ట్' అయింది. పోస్ట్‌మ్యాన్‌లో చివరిది 'మ్యాన్' కాదు, తేలిపోయిన 'మన్'. అందుకే పోలీస్‌మన్ ఏకవచనమో బహువచనమో చెవికి దాదాపు తెలియదు, చుట్టూ ఉన్న వాక్యం చెప్పాలి.

మన దేశంలోనే చెల్లేవి

తోడల్లుడికి మనవాళ్లు కట్టుకున్న కో-బ్రదర్ చక్కటి సమాసం, దక్షిణాదిలో అందరికీ అర్థమవుతుంది. లండన్‌లోనో డాలస్‌లోనో అంటే మొహం చూస్తారు. వాళ్లకు బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ బ్రదర్-ఇన్-లా ఒక్కటే. కజిన్ బ్రదర్ అనక్కర్లేదు, కజిన్ చాలు. వీటితో నష్టం లేదు. మార్చుకోక తప్పనిది బ్యాక్‌సైడ్. మనకు అది ఇంటి వెనక వైపు, ఇంగ్లీష్‌వాళ్లకు పిరుదులు. 'ఇంటి వెనక ఆగండి' అని డ్రైవరుకు చెప్పాలంటే 'బిహైండ్ ద హౌస్' అనండి.