మన జవాన్ వర్ధంతికి మెమోరియల్ వాక్ పెట్టాలంటే

సూర్యాపేట వాళ్లకి జూన్ 15 గురించి వేరే చెప్పక్కర్లేదు. 2020లో ఆ రోజు లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారితో కలిపి 20 మంది జవాన్లు అమరులయ్యారు. ఆయన 16 బీహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఆయన కోసమైనా, మీ ఊరి జవాన్ కోసమైనా వర్ధంతి రోజు వాక్ పెట్టాలనుకుంటే పద్ధతి ఒకటే.

అన్నిటికన్నా ముందు ఇంటివాళ్లని అడగండి, ఫ్లెక్సీ కొట్టించాక కాదు, అసలు అనుకున్న రోజే వెళ్లి అడగాలి. ఆ రోజు వాళ్లకి సంవత్సరీకం ఉంటుంది, అమ్మానాన్నలకి జనంలోకి రావాలని ఉండొచ్చు ఉండకపోవచ్చు, ఫొటో ఏది వాడాలో కూడా వాళ్లే చెప్పాలి. వద్దంటే ఆపేయండి. మేం ఒకసారి చెప్పకుండా మైకులో ఒక తల్లిని మాట్లాడమన్నాం, ఆవిడ మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తది.

రూటు రెండు మూడు కిలోమీటర్లు చాలు. ఆయన చదివిన బడి దగ్గరో ఇంటి దగ్గరో మొదలుపెట్టి విగ్రహం దగ్గర ఆపండి. జూన్ ఎండ తెలిసిందే కదా, పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి, మంచినీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ దారిలో పెట్టండి. పోలీసులకి ముందే లెటర్ ఇవ్వండి, అందులో రూటు, టైము, ఎంతమంది వస్తారో, బాధ్యులెవరో ఫోన్ నంబర్‌తో రాయాలి. జిల్లా సైనిక్ సంక్షేమ ఆఫీసులో అడిగితే దగ్గర్లో ఉన్న మాజీ సైనికులు ఎవరో తెలుస్తుంది, వాళ్లని ముందు వరసలో నడిపించండి, నాయకుల్ని కాదు. పార్టీ జెండాలు, కండువాలు, డీజే ఏవీ వద్దని పిలిచేటప్పుడే చెప్పేయండి.

జెండా విషయంలో చాలామంది తెలియక తప్పు చేస్తున్నారు. ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా నియమాలు) ప్రకారం జెండా పొడవు వెడల్పులు 3:2లో ఉండాలి, కాబట్టి ఊరేగింపుల్లో పట్టుకునే ఆ వంద మీటర్ల జెండా అసలు కుదరదు. జాతీయ జెండా మీద పేరు గానీ ఫొటో గానీ వేయకూడదు, విగ్రహానికి కప్పకూడదు, నేలకి తగలకూడదు.

విగ్రహం దగ్గరికి చేరాక పూలమాల వేసి రెండు నిమిషాలు మౌనం, తర్వాత జనగణమన. స్పీచులు ఒకటి రెండు చాలు. వాటికన్నా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన పిల్లాడు సంతోష్ బాబు కల్నల్ ఎలా అయ్యాడో ఒక బడి పిల్లతో చెప్పించండి, పిల్లలు శ్రద్ధగా వింటారు. గల్వాన్ రోజైతే 20 పేర్లూ చదవండి, ఊరి పేరుతో సహా. బీహార్, పంజాబ్, జార్ఖండ్, ఒడిశా, తమిళనాడు ఇలా ఎక్కడెక్కడి వాళ్లో, మన చౌరస్తాలో వాళ్ల పేరు కూడా వినిపించాలి కదా. ముందురోజే రెండుసార్లు చదివి ప్రాక్టీస్ చేయండి, పేరు తప్పు పలికితే బాగోదు.

అంతా అయ్యాక ఇద్దరు కుర్రాళ్లు సంచి పట్టుకుని వచ్చిన రూటంతా మళ్లీ నడవాలి, పిల్లల చేతుల్లోంచి జారిన కాగితం జెండాలు ఒక్కటి కూడా రోడ్డు మీద ఉండకూడదు.