కొత్త స్టీరియో, పాత స్పీకర్లు: బిగించాక వచ్చే సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన స్టీరియో పాడైపోతే స్పీకర్లను కూడా మార్చక తప్పదేమోనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకటి చెడిపోవడానికీ రెండోది చెడిపోవడానికీ సంబంధం తక్కువ. కోను (గాలిని కదిపే గరాటు ఆకారపు పొర) చిరగకుండా, దాన్ని కదిపే తీగచుట్ట కాయిల్ తెగకుండా ఉన్నంతకాలం తలుపుల్లోని స్పీకర్లు కొత్త స్టీరియోతోనూ మునుపటిలాగే పనిచేస్తాయి. అయినా కొత్తది బిగించిన రోజున శబ్దం రాకపోతే, లేదా తేడాగా వస్తే, మొదటి నింద పడేది పాపం ఆ స్పీకర్ల మీదే. నేను చూసినంతలో లోపం చాలావరకు స్టీరియో వెనకాల, డ్యాష్‌బోర్డు చీకట్లో, మనం చేత్తో కలిపిన వైర్ల దగ్గరే దొరికింది. అందుకే ఈ వ్యాసంలో కనిపించే లక్షణం నుంచి బయలుదేరి, దాని వెనక ఉన్న వైరు దాకా వెళదాం. ఇందుకు కావలసిన ముఖ్యమైన పనిముట్టు వోల్టేజిని, రెసిస్టెన్స్‌ను కొలిచే ఒక సాధారణ మల్టీమీటరు మాత్రమే.

విప్పే ముందు

బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఎయిర్‌బ్యాగులున్న కారయితే మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగి, ఆ తరవాతే డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేయాలి. కారు సొంత వైర్లలో ఒక్కదాన్ని కూడా కోయకూడదు. ఆ కారు మోడలుకు సరిపోయే అడాప్టర్ హార్నెస్ (ఒక కొనన కారు ప్లగ్గుకు సరిపోయే వైర్ల కట్ట) తెచ్చుకుని, దాని వైర్లను కొత్త స్టీరియో వైర్లకు బల్ల మీదే తీరిగ్గా కలిపి, సోల్డరు గాని క్రింపు గాని చేసి, వేడి చేస్తే ముడుచుకుని అతుకును పట్టేసే హీట్ ష్రింక్ స్లీవు తొడిగితే కారులో చేయవలసింది ప్లగ్గు గుచ్చడమే. ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు ఎండాకాలపు వేడికి జిగురు కరిగి ఊడిపోతాయి.

ఇంకొక మాట. పాతది నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. డిస్‌ప్లే వెలగకపోతే కారు ఫ్యూజు బాక్సులో స్టీరియోకు సంబంధించిన ఫ్యూజులను చూడాలి, ఎందుకంటే మెమొరీకి ఒకటి, తాళంచెవి లైనుకు ఒకటి వేరువేరుగా ఉండే కార్లు చాలా ఉన్నాయి. స్టీరియో వీపు మీద కూడా ఒక ఫ్యూజు ఉండవచ్చు. బ్యాటరీ మార్చిన వెంటనే స్టీరియో మొరాయించి కోడ్ అడుగుతుంటే అది చెడిపోయినట్టు కాదు, దొంగతనం నుంచి రక్షణకు పెట్టిన తాళం పడినట్టు.

ఆన్ అవుతుంది గాని, కారు ఆపినప్పుడల్లా అన్నీ మరిచిపోతుంది

గడియారం మళ్లీ మొదటికి వస్తుంది, పెట్టుకున్న స్టేషన్లు పోతాయి, బ్లూటూత్ ఫోనును గుర్తుపట్టదు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: పసుపు వైరు, ఎరుపు వైరు తారుమారు కావడం. విడిగా కొనే స్టీరియోల్లో పసుపు వైరుకు తాళంచెవితో నిమిత్తం లేకుండా ఎప్పుడూ 12 వోల్టులు అందాలి, మెమొరీని నిలబెట్టేది అదే. ఎరుపు వైరుకు తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు రావాలి. నలుపు వైరు ఎర్త్, అంటే కారు బాడీకి కలిసేది. చాలా కార్లలో స్టీరియో వెనక ఉండే ప్రామాణిక ప్లగ్గు అయిన ఐఎస్‌ఓ కనెక్టరులో పవర్ భాగంలోని 4వ పిన్ను పసుపుకు, 7వది ఎరుపుకు, 8వది నలుపుకు కేటాయించినవి. అయితే కొన్ని కార్ల తయారీదార్లు 4, 7 పిన్నులను ఒకదాని స్థానంలో మరొకటి వాడారు. హార్నెస్ చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే చాలా అడాప్టర్లలో ఎరుపు, పసుపు వైర్ల మధ్యలో గుచ్చి తీయగలిగే చిన్న బుల్లెట్ కనెక్టర్లు ఉంటాయి. వాటిని ఊడదీసి అడ్డంగా మార్చి గుచ్చితే చాలు.

మొదటిసారి నా సొంత కారుకు ఇదే జరిగితే, రెండు రోజుల పాటు స్టీరియోనే లోపభూయిష్టమని తిట్టుకుంటూ సెట్టింగుల మెనూలన్నీ గాలించాను. ఆ బుల్లెట్ కనెక్టర్లు నా కళ్ల ముందే ఉన్నాయి. అవి ఎందుకున్నాయో ఆలోచించకుండా పైన టేపు కూడా చుట్టేశాను.

దీనికి ఎదురు లక్షణం మరింత ప్రమాదకరం: తాళంచెవి తీశాక కూడా స్టీరియో ఆగకపోవడం, లేదా రెండు మూడు రోజులు కారు కదలకపోతే బ్యాటరీ దిగిపోవడం. ఎరుపు, పసుపు రెండింటినీ కలిపి నిరంతర 12 వోల్టులకు తగిలిస్తే ఇలా అవుతుంది. మెమొరీ కోసం స్టీరియో తీసుకునేది కొన్ని మిల్లీ ఆంపియర్లే గనుక, బ్యాటరీ దిగిపోతోందంటే అది లోపల పూర్తిగా నిద్రపోవడం లేదని అర్థం. మీటరు నల్ల ప్రోబును కారు బాడీకి ఆనించి, తాళంచెవి తీసి ఒకసారి, తిప్పి ఒకసారి రెండు పిన్నులనూ కొలిస్తే ఏది ఏదో నిమిషంలో తేలిపోతుంది. రంగును నమ్మవద్దు, కొలతను నమ్మండి. కారు లోపలి వైర్ల రంగులకూ విడి స్టీరియోల రంగులకూ పొంతన ఉండదు.

కొత్త తరం కార్లలో తాళంచెవి లైను అసలు దొరకకపోవచ్చు. ఆ కార్లలో ఆన్ కమ్మన్న ఆదేశం క్యాన్ బస్ అనే డేటా లైను మీదుగా వస్తుంది. దానికి ఆ మోడలు కోసమే చేసిన క్యాన్ బస్ అడాప్టరు వాడడం సరైన పరిష్కారం. తాళంచెవితో పనిచేసే మరొక ఫ్యూజు నుంచి ఫ్యూజు ట్యాప్‌తో (ఫ్యూజు గూటిలోంచి అదనపు వైరు తీసే ముక్కతో) కరెంటు తీసుకోవడం రెండో దారి. డేటా వైర్లను మాత్రం టెస్ట్ ల్యాంపుతో గిల్లవద్దు.

స్టీరియో వెలుగుతోంది, పాట నడుస్తోంది, శబ్దం మాత్రం లేదు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. మూడు కారణాలను వరసగా కొట్టివేస్తూ పోవాలి.

మొదటిది మ్యూట్ వైరు. కొన్ని స్టీరియోల్లో ఫోను వచ్చినప్పుడు శబ్దం ఆపడానికి గోధుమరంగు వైరు ఇస్తారు. అది ఎర్త్‌కు తగిలితే చాలు, స్టీరియో నోరు మూసుకుంటుంది. వాడని వైరు కొనలను ఒక్కొక్కటిగా కప్పకుండా అన్నిటినీ గుత్తిగా మడిచి లోపలికి తోసేసేవాళ్లకు ఈ అనుభవం తప్పదు.

రెండోది కంపెనీ యాంప్లిఫయరు. ఖరీదైన మోడళ్లలో స్పీకర్లను నడిపేది స్టీరియో కాదు, సీటు కిందో డిక్కీ పక్కనో ఉన్న వేరే యాంప్లిఫయరు. పాత స్టీరియో దానికి మేలుకోమని సంకేతం పంపేది. ఇప్పుడు ఆ సంకేతం పంపేవారు లేరు గనుక అది నిద్రలోనే ఉంది. కొత్త స్టీరియోలోని నీలం-తెలుపు చారల వైరును యాంప్లిఫయరు రిమోట్ లైనుకు కలపాలి. ఆ వైరు సంకేతానికే గాని యాంప్లిఫయరును నడిపేటంత కరెంటుకు కాదు. దాన్ని పొరపాటున ఎర్త్‌కు తగిలిస్తే స్టీరియో లోపలి ఆ లైను కాలిపోవచ్చు. కొన్ని కార్లలో యాంప్లిఫయరుకు పాట ఆప్టికల్ ఫైబరు మీదుగా డిజిటల్ రూపంలో వెళుతుంది. అటువంటి చోట ప్రత్యేక అడాప్టరు లేకుండా మామూలు వైర్లతో ఏమీ చేయలేం.

మూడోది స్పీకరు మైనస్ వైరును ఎర్త్ అనుకోవడం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. నేటి స్టీరియోల్లోని యాంప్లిఫయరు చిప్పు స్పీకరు రెండు కొనలనూ తనే నడుపుతుంది. శబ్దం లేనప్పుడు ఆ రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టేజిలో సుమారు సగం, అంటే 6 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. పాట మొదలైనప్పుడు ఒకటి పైకి వెళితే మరొకటి కిందికి వస్తుంది. కాబట్టి మైనస్ అని పేరున్నంత మాత్రాన అది ఎర్త్ కాదు. చాలా పాత కార్లలో స్పీకర్ల మైనస్‌లన్నిటినీ ఒక్క వైరుగా కలిపి బాడీకి బిగించిన పద్ధతి కనిపిస్తుంది. అలాంటి కారులో కొత్త స్టీరియో పెడితే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది, లేదంటే మాడిపోతుంది. స్టీరియో ప్లగ్గు ఊడదీసి, ఒక్కో స్పీకరు వైరుకూ కారు బాడీకీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. ఏ వైరూ బాడీతో కలవకూడదు. కలిస్తే ఆ స్పీకరుకు స్టీరియో దాకా రెండు కొత్త వైర్లు విడిగా లాగాలి. అలాంటి పాత పద్ధతి వైరింగు లేని కారులో కూడా తలుపు కీలు దగ్గర ఉండే రబ్బరు గొట్టంలో వైరు నలిగి బాడీకి తగలడం మామూలే. తలుపు తెరిచినప్పుడు ఒకలా, మూసినప్పుడు ఒకలా మోగితే నేరుగా అక్కడే చూడండి.

శబ్దం వస్తోంది గాని పలచగా, గాలిలో తేలుతున్నట్టు ఉంది

పాత స్టీరియోతో బాగానే వచ్చిన బేస్ ఇప్పుడు మాయమైంది, పాడేవారి గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. బ్యాలన్స్‌ను మధ్యలో ఉంచి వినండి, తరవాత పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. సగం స్పీకర్లు ఆగిపోయినా బేస్ పెరిగిందంటే, ఏదో ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఒక కోను ముందుకు తోసే గాలిని రెండోది వెనక్కు లాగుతోంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి.

ఏ స్పీకరో తేల్చడానికి 1.5 వోల్టుల మామూలు సెల్ చాలు. స్టీరియో ప్లగ్గు తీసేసి, హార్నెస్ దగ్గర ఆ స్పీకరు ప్లస్ అనుకున్న వైరును సెల్ పైకొనకు, మైనస్ అనుకున్నదాన్ని అడుగుకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. స్పీకరు టప్పుమంటుంది. జాలీ సందులోంచి టార్చి వేసి చూస్తూ మరొకరు ఉంటే కోను కదలిక స్పష్టంగా కనిపిస్తుంది: ముందుకు ఉబికితే కలిపింది సరైనదే, లోపలికి కుంగితే తిరగబడింది. ఈ ఒక్క పరీక్షతోనే ఏ వైరు జత ఏ తలుపుదో కూడా తెలిసిపోతుంది. విడి స్టీరియోల రంగులు ఇలా ఉంటాయి: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వాటిలో నల్ల చార ఉన్నది మైనస్. వెనక వినిపించవలసింది ముందు వినిపిస్తుంటే ఈ రంగుల వరస మళ్లీ సరిచూసుకోవడమే పని.

శబ్దం పెంచగానే ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది

స్పీకరు ఇంపీడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) తక్కువై ఉండవచ్చు. విడి స్టీరియోలు సాధారణంగా 4 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్లకు తయారవుతాయి. కంపెనీ యాంప్లిఫయరు ఉన్న కార్లలో 2 ఓమ్‌లవి, ఇంకా తక్కువవి కూడా పెట్టారు. ప్లగ్గు తీసి మీటరుతో కొలిస్తే 4 ఓమ్‌ల స్పీకరు 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, 2 ఓమ్‌లది 2 కన్నా తక్కువే చూపిస్తుంది. ముందుగా రెండు ప్రోబులనూ ఒకదానికొకటి ఆనించి, అప్పుడు కనిపించే అంకెను తీసివేయడం మరవకండి. ఇంత చిన్న కొలతలో ఆ తేడాయే తప్పుదారి పట్టిస్తుంది. ఇంపీడెన్స్ నిజంగానే తక్కువైతే కంపెనీ యాంప్లిఫయరును అలాగే ఉంచి దాని ద్వారా నడపడం, లేదా 2 ఓమ్‌లను భరించే యాంప్లిఫయరు పెట్టడం తప్ప దారి లేదు.

సన్నని పై స్వరాలు పలికే చిన్న స్పీకరు ట్వీటరు ఒక్కదాన్నే కొలిచినప్పుడు మీటరు అనంతం చూపిస్తే అది పోయిందని పారేయవద్దు. దానికి వరసలో ఉండే చిన్న కెపాసిటరు మీటరు కరెంటును అడ్డుకుంటుంది.

అట్ట మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని రాసి ఉండడం చూసి పాత స్పీకర్లు తట్టుకోలేవేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. అది గరిష్ఠ అంకె. కారు వోల్టేజితో 4 ఓమ్‌ల మీద ఆ చిప్పు నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 20 వాట్లే. స్పీకర్లను చంపేది వాటేజి కన్నా, శబ్దం చిట్లుతున్నా పెంచుతూనే పోవడం.

ఇంజను వేగంతో పాటు పెరిగే కూత

యాక్సిలరేటరు తొక్కితే సన్నని కూత హెచ్చుతుంటే అది బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు నుంచి వస్తున్నదే. ముందు ఛార్జింగులో ఉన్న ఫోనును తీసేసి వినండి. కూత పోతే తప్పు ఛార్జరు, ఫోను నుంచి స్టీరియోకు వెళ్లే ఆక్స్ కేబులు కలిసి కట్టిన ఎర్త్ లూపుది, అంటే ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడడం వల్ల వచ్చినది. ఆ లూపును తెంచే గ్రౌండ్ లూప్ ఐసొలేటరును ఆక్స్ కేబులు మధ్యలో పెడితే సరిపోతుంది. పోకపోతే స్టీరియో నడుస్తుండగా నల్ల వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బలహీనంగా ఉంది, రంగు గీకిన లోహం మీద మళ్లీ బిగించాలి.

రేడియో పట్టడం లేదు, స్టీరింగు బటన్లు పనిచేయడం లేదు

పాత స్టీరియోతో స్పష్టంగా వచ్చిన స్టేషన్లు ఇప్పుడు గరగరమంటే, యాంటెన్నాలో చిన్న యాంప్లిఫయరు ఉండి దానికి 12 వోల్టులు అందడం లేదు. స్టీరియో నీలం వైరును యాంటెన్నా పవరుకు కలపండి. పవరు యాంటెన్నా కేబులులోంచే వెళ్లే కార్లకు ఆ వోల్టేజిని అందించే యాంటెన్నా అడాప్టరు తీసుకోవాలి. స్టీరింగు బటన్లకు ఆ కారుకు తగిన ఇంటర్‌ఫేస్ పెట్టి, స్టీరియో మెనూలో ఒక్కో బటనుకూ పని నేర్పించాలి.

స్టీరియో గూటిలోకి పూర్తిగా వెళ్లడం లేదు

కారు స్టీరియోలకు డిన్ అనే ప్రామాణిక కొలత ఉంది: డబుల్ డిన్ ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. సింగిల్ డిన్ ఎత్తు అందులో సగం. ముఖం సరిపోయినా వీపు వెనక హార్నెస్ ముద్దగా చేరి అడ్డుపడుతుంది. బలవంతంగా నెట్టితే పదునైన రేకు అంచు వైరు తొక్కను కోస్తుంది, పైన చెప్పిన లక్షణాల్లో ఏదో ఒకటి నెల తరవాత బయటపడుతుంది. వైర్లను స్టీరియో కింద గాని పక్కన గాని ఉన్న ఖాళీలోకి దింపి, స్పాంజి పట్టీ చుట్టి కట్టేయండి. చివరి స్క్రూ బిగించే ముందే బ్యాటరీ తగిలించి, నాలుగు స్పీకర్లనూ ఫేడరుతో (ముందు వెనకల మధ్య), బ్యాలన్స్‌తో (కుడి ఎడమల మధ్య) ఒక్కొక్కటిగా విని, తాళంచెవి తీసి పెట్టి గడియారం నిలిచిందో లేదో చూసుకోండి.